వెనక వరుసలో దాక్కోకండి: లైన్ డాన్స్ లోపలి లెక్క

మొదటిసారి లైన్ డాన్స్‌కి వెళ్లినప్పుడు నేను చేసిన తప్పు ఒక్కటే. స్కూల్లో వెనక బెంచీ అలవాటు కదా, హాల్లో కూడా చివరి వరుసలో ఎడమ మూల చూసుకుని నిలబడ్డాను. ముందు యాభై మంది దాకా ఉన్నారు, వాళ్ల కాళ్లు చూస్తూ గడిపేయొచ్చు, నన్నెవరూ చూడరు అనుకున్నాను. పాట మొదలైన పది సెకన్లకి అందరూ ఠక్కున ఎడమకి తిరిగారు. నేనూ తిరిగాను. ఎదురుగా ఖాళీ గోడ. చూసి చేద్దామంటే ముందు ఒక్క మనిషి లేడు. ఇంకో పది సెకన్లకి మళ్లీ తిరిగారు. ఈసారి కూడా నా ముందు ఎవరూ లేరు, పైగా ఆ యాభై మందీ ఇప్పుడు నా వెనకే ఉన్నారు.

ఆ రాత్రి ఇంటికొచ్చి కాగితం మీద చుక్కలు పెట్టి చూసుకుంటే సంగతి అర్థమైంది. లైన్ డాన్స్‌లో ముందు వరుస, వెనక వరుస అనేవి ఎప్పటికీ అలాగే ఉండవు. చాలా డాన్సుల్లో స్టెప్పుల వరుస ఒకసారి పూర్తయ్యేసరికి గుంపు మొత్తం పావు వంతు తిరుగుతుంది. చివరి వరుసలో ఉన్నవాళ్లు రెండు మలుపులయ్యాక మొదటి వరుస అయిపోతారు. మూలలో నిలబడినవాడి గతి ఇంకా ఘోరం, నాలుగు దిక్కుల్లో రెండింటికి వాడే ముందు. కొత్తవాళ్లకి సరైన చోటు నట్టనడుమ. అక్కడుంటే ఎటు తిరిగినా చూసి చేయడానికి ఎదురుగా ఎవరో ఒకరు ఉంటారు.

ఈ చిన్న విషయం ఎవరూ ముందుగా చెప్పరు. లైన్ డాన్స్‌లో కష్టమంతా ఇలా చెప్పకుండా వదిలేసే విషయాల్లోనే ఉంది. ఒంట్లో లయ లేదని, నడుం వంగదని జనం టెన్షన్ పడతారు. నిజానికి కొత్తవాళ్లు తడబడేది అక్కడ కాదు. ఒంటి బరువు ఏ కాలి మీద ఉంది, ఎన్నో కౌంట్‌లో ఉన్నాం, ఏ గోడ వైపు చూస్తున్నాం, ఈ మూడూ తెలిస్తే మామూలుగా నడవగలిగిన మనిషి ఎవరైనా చేసేయొచ్చు. నన్నడిగితే ఇది డాన్స్ కన్నా లెక్కకే దగ్గర. ప్రోగ్రామింగ్‌లో ఒక చిన్న ఫంక్షన్ రాసి, అదే మళ్లీ మళ్లీ నడిచేలా లూప్‌లో పెట్టినట్టు ఉంటుందని మా ఆఫీసు వాళ్లు అనేది అందుకే.

జోడీ అక్కర్లేని డాన్స్

లైన్ డాన్స్ అంటే ముందే కూర్చిపెట్టిన కొన్ని స్టెప్పుల వరుసని, వరుసలుగా నిలబడ్డ జనమంతా ఒకే దిక్కు చూస్తూ, ఒకేసారి, పాట అయ్యేదాకా మళ్లీ మళ్లీ చేయడం. చెయ్యి పట్టుకునేది లేదు, జోడీ లేదు. భర్తకి ఇష్టం లేకపోతే భార్య ఒక్కతే వెళ్లొచ్చు, డెబ్బై ఏళ్ల తాతగారి పక్కన కాలేజీ అమ్మాయి నిలబడొచ్చు. అమెరికాలో కంట్రీ సంగీతం వాయించే డాన్స్ హాళ్లలో, సీనియర్ సెంటర్లలో, పెళ్లి రిసెప్షన్లలో దీన్ని చూస్తాం. అక్కడితో ఆగలేదు, బ్రిటన్, స్పెయిన్, దక్షిణ కొరియా, ఇండోనేషియాల్లో కూడా దీన్ని పిచ్చిగా ప్రేమించే జనం ఉన్నారు.

మనకి ఈ పద్ధతి మరీ కొత్తదేం కాదు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు వంగి చప్పట్లు కొట్టి అడుగేసేది అందరూ ఒకేలా చేస్తారు. అరకు వైపు ధింసాలో ఒకరి వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని వరుసగా కదులుతారు. కోలాటంలో గురువు విజిల్ వేయగానే కోపు మారుతుంది. తేడా ఎక్కడంటే, మనవి ఎక్కువగా వలయాలు. వలయంలో ముందు, వెనక అనే గొడవే లేదు. లైన్ డాన్స్‌లో వరుసలుండటం వల్ల ఆ గొడవ వచ్చింది, దాన్ని గోడలు మార్చడంతో సరిచేశారు. నాలుగు వైపులా తిరుగుతుంటే అంచుల్లో ఉన్నవాళ్లందరికీ ఒక్కసారైనా ముందు నిలబడే వంతు వస్తుంది.

కౌబాయ్ కథ సగమే నిజం

టోపీ, బూట్లు, పెద్ద బెల్టు బకిల్ చూసి, ఇది పశువుల కాపరులు పుట్టించిన డాన్స్ అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. చరిత్ర చూస్తే బొమ్మ మారిపోతుంది. ఇందులోని కొన్ని అడుగులు చాలా పాతవి. ఒక కాలు పక్కకి, రెండోది దాని వెనక్కి వేస్తూ పోయే గ్రేప్‌వైన్ అడుగు బాల్కన్, గ్రీక్, యూదుల జానపద నృత్యాల్లో ఎప్పటినుంచో ఉంది. అయితే జోడీ లేకుండా వరుసల్లో నిలబడి, కట్టిన స్టెప్పులు తిప్పితిప్పి చేసే ఇప్పటి పద్ధతికి దగ్గరి పూర్వీకులు 1950ల చివర్లో కనిపిస్తారు. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో నల్లజాతివారి మధ్య పుట్టిన మాడిసన్ అందులో ముఖ్యమైనది. అందులో ఒకరు స్టెప్పు పేరు కేకేసి చెబుతుంటే వరుసలో ఉన్నవాళ్లు చేసేవారు. 1960 నాటికి టీవీ కార్యక్రమాల వల్ల అది దేశమంతా పాకింది.

తర్వాత 1970ల్లో డిస్కో వచ్చింది. న్యూయార్క్ క్లబ్బుల్లో హసిల్ పేరుతో జంటలు చేసేవి కొన్ని, వరుసలుగా చేసేవి కొన్ని పుట్టాయి. 1977 చివర్లో వచ్చిన సాటర్డే నైట్ ఫీవర్ సినిమాలో ఆ వరుస డాన్స్‌ని ప్రపంచమంతా చూసింది. అదే హీరో జాన్ ట్రవోల్టా మూడేళ్లకే, 1980లో, అర్బన్ కౌబాయ్‌లో టోపీ పెట్టుకుని టెక్సస్ బార్‌లో తేలాడు. హ్యూస్టన్ పక్కన పాసడీనాలో ఉన్న గిలీస్ అనే నిజమైన బార్‌లోనే ఆ సినిమా తీశారు. సినిమా దెబ్బకి ఊరూరా కంట్రీ బార్లు వెలిశాయి. డిస్కోలో కాళ్లు కదిపిన జనమే బూట్లేసుకుని ఇక్కడికి వచ్చారు, స్టెప్పులు కూడా వాళ్ల వెంటే వచ్చాయి. డాలస్ దగ్గరి ఫోర్ట్‌వర్త్‌లో, ఒకప్పటి పశువుల సంత అయిన స్టాక్‌యార్డ్స్‌లో, ఇప్పటికీ జనంతో కిటకిటలాడే బిల్లీ బాబ్స్ టెక్సస్ అనే కంట్రీ బార్ తెరిచింది 1981లో, ఆ ఊపులోనే. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో ఉండే మన తెలుగువాళ్లు ఇండియా నుంచి చుట్టాలొస్తే చూపించే జాగాల్లో ఆ స్టాక్‌యార్డ్స్ తప్పకుండా ఉంటుంది.

అసలు పిచ్చి మాత్రం 1992లో పట్టుకుంది. ఆ ఏడాది బిల్లీ రే సైరస్ పాడిన ఏకీ బ్రేకీ హార్ట్ పాటకి మెలనీ గ్రీన్‌వుడ్ ఒక లైన్ డాన్స్ కూర్చారు. వీడియోలో జనం అది చేస్తూ కనిపించేసరికి, పాటతోపాటు డాన్స్ నేర్చుకోవడం కూడా ఫ్యాషనైపోయింది. కంట్రీ సంగీతం అంటే మొహం చిట్లించే ఊళ్లలో కూడా క్లాసులు మొదలయ్యాయి.

ఇంతలో నల్లజాతి కుటుంబాల వేడుకల్లో ఇంకో పాయ విడిగా పారుతూనే ఉంది. షికాగోకి చెందిన డీజే కాస్పర్ 1990ల చివర్లో జిమ్‌లో వ్యాయామానికని మొదలుపెట్టిందే ఛాఛా స్లైడ్. 2007లో కుపిడ్ షఫుల్ వచ్చింది. ఈ రెండు పాటల్లో గాయకుడే కుడికి, ఎడమకి అని చెబుతూ ఉంటాడు, మాడిసన్ నాటి కేకలాగే. అందుకే ఏమీ రానివాళ్లు కూడా వీటికి లేచి వస్తారు. అమెరికాలో మన పెళ్లిళ్లలో, ఆఫీసు పార్టీల్లో డీజే వీటిని వేయగానే ఆంటీలు సైతం పట్టుచీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని వరుసలోకి వస్తారంటే కారణం అదే. మొన్నటికి మొన్న 2025లో చేతిలో విసనకర్ర పట్టుకుని టపటపలాడించే లైన్ డాన్స్ ఒకటి ఊపేసింది కదా, అది కూడా ఈ పాయలోదే. కాబట్టి లైన్ డాన్స్‌ని కౌబాయ్‌ల సొత్తు అనడం సగం చరిత్రని కొట్టేయడమే.

గోడలూ కౌంట్లూ

ఇక అసలు లెక్కలోకి వద్దాం. డాన్స్ మొదలయ్యేటప్పుడు చూస్తున్న దిక్కుని ముందు గోడ అంటారు. స్టెప్పుల వరుస ఒకసారి పూర్తయ్యి మళ్లీ మొదలయ్యేటప్పుడు ఎటు చూస్తున్నామో అది తర్వాతి గోడ. ఎప్పుడూ ఒకే వైపు చూస్తే ఒక గోడ డాన్స్. ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి అయితే రెండు గోడలది. ప్రతిసారీ పావు వంతు తిరుగుతూ పోతే నాలుగు గోడలది. కొన్నిచోట్ల గడియారం భాష వాడతారు. ముందు గోడ 12 గంటలు, కుడి గోడ 3, వెనక గోడ 6, ఎడమ గోడ 9. ఈ భాష అలవాటైతే తలనొప్పి సగం పోతుంది.

గోడ మారడం వల్ల వచ్చే అసలు చిక్కు ఏమిటంటే, మనం స్టెప్పుల్ని గది ఆనవాళ్లతో గుర్తుపెట్టుకుంటాం. బార్ కౌంటర్ వైపు మూడడుగులు, తర్వాత స్టేజీ వైపు తిరగాలి అని బుర్రలో రాసుకుంటాం. గోడ మారగానే కౌంటర్ వీపు వెనక్కి పోతుంది, నేర్చుకున్నదంతా ఎగిరిపోతుంది. అందుకే గదిని మరిచిపోయి ఒంటితో గుర్తుపెట్టుకోవాలి. నా కుడి, నా ఎడమ, నా ముందు, నా వెనక, అంతే. ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు ఒకసారి హాల్లో టీవీ వైపు, ఒకసారి వంటింటి వైపు చూస్తూ మొదలుపెడితే ఈ జబ్బు త్వరగా కుదురుతుంది.

ఇక కౌంట్. మనం వినే పాటల్లో చాలావాటిలో దెబ్బలు, అంటే బీట్లు, నాలుగేసి కట్టలుగా ఉంటాయి. డాన్స్ వాళ్లు రెండు కట్టలు కలిపి ఎనిమిదిగా లెక్కపెడతారు. మన సినిమా డాన్స్ మాస్టర్లు కూడా అంతే కదా. మొదలయ్యే ముందు ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్ అనడం ఎనిమిదిలో రెండో సగాన్ని చెప్పి, ఒకటి దగ్గర అందరినీ ఒకేసారి కదిలించడానికే. డాన్సులు ఎక్కువగా 32 కౌంట్లవి, అంటే నాలుగు ఎనిమిదులు. 48, 64 కౌంట్లవీ ఉంటాయి. మూడేసి దెబ్బల వాల్ట్జ్ పాటలకి 24, 48 కౌంట్ల డాన్సులున్నాయి. 32 అంత మామూలు కావడానికి కారణం, పాటలో పల్లవి, చరణం సాధారణంగా ఎనిమిదుల లెక్కలోనే విరుగుతాయి. డాన్స్ కూడా అక్కడే విరిగితే ఒంటికి హాయిగా ఉంటుంది.

ఖాళీగా ఉన్న కాలు ఏది?

నాకు తెలిసినంతలో కొత్తవాళ్ల తప్పుల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది. నిలబడ్డప్పుడు ఒంటి బరువు ఒక కాలి మీద ఉంటే రెండోది ఖాళీ. తర్వాతి అడుగు వేయగలిగేది ఆ ఖాళీ కాలే. ఇది చిన్నపిల్లలకీ తెలిసిన విషయమే, కానీ లైన్ డాన్స్ మొత్తం దీని మీదే నడుస్తుంది.

గ్రేప్‌వైన్ తీసుకోండి. ద్రాక్ష తీగ అల్లుకున్నట్టు కాళ్లు అల్లుకుంటాయని ఆ పేరు. కుడికాలు కుడివైపుకి, ఎడమకాలు దాని వెనక్కి, మళ్లీ కుడికాలు కుడివైపుకి. ఇవి మూడు కౌంట్లు. నాలుగో కౌంట్‌కి ఎడమకాలి మునివేళ్లు కుడికాలి పక్కన ఊరికే తాకించాలి. దీన్ని టచ్ అంటారు. తాకించడం అంటే నిజంగా తాకించడమే, బరువు వేయకూడదు. ఎందుకంటే తర్వాత ఎడమవైపు గ్రేప్‌వైన్ మొదలయ్యేది ఆ ఎడమకాలితోనే. కొత్తవాళ్లు నాలుగో కౌంట్‌కి రెండు కాళ్లూ కలిపి హాయిగా నిలబడిపోతారు. బరువు ఎడమకి మారిపోతుంది. ఐదో కౌంట్‌కి అందరూ ఎడమకి వెళ్తుంటే వీళ్లు ఇరుక్కుపోయి, ఒక గెంతు గెంతి కలుస్తారు. పక్కవాళ్లకి అది స్టెప్పు మరిచిపోయినట్టు కనిపిస్తుంది. మరిచిపోలేదు, బరువు తప్పింది, అంతే.

ఈ లెక్క ఒక్కసారి బుర్రకెక్కితే మిగతా స్టెప్పులు సులువుగా విడిపోతాయి. షఫుల్ అంటే రెండు కౌంట్లలో మూడు అడుగులు: వన్ అండ్ టూ. కుడికాలు ముందుకి, ఎడమకాలు దాని దగ్గరికి, మళ్లీ కుడికాలు ముందుకి. మామూలు నడకలో రెండు కౌంట్లకి రెండు అడుగులే కాబట్టి కుడితో మొదలుపెడితే మళ్లీ కుడే ఖాళీ అవుతుంది. షఫుల్‌లో మూడు అడుగులు, అంటే బేసి సంఖ్య, కాబట్టి ఇప్పుడు ఎడమ ఖాళీ. కిక్ బాల్ ఛేంజ్ కూడా వన్ అండ్ టూ లోనే, చూడటానికి మూడు పనులే. కానీ అందులో మొదటిది గాలిలోకి తన్నడం, బరువు మారదు. తర్వాత తన్నిన కాలి మునివేళ్ల మీద, ఆపైన రెండో కాలి మీద బరువు మారుతుంది. రెండు మార్పులు, సరి సంఖ్య. ఏ కాలితో తన్నారో అదే మళ్లీ ఖాళీగా దొరుకుతుంది. ఏ స్టెప్పు నేర్చుకున్నా బరువు ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. సరి అయితే అదే కాలు, బేసి అయితే రెండో కాలు.

తరచుగా వినపడేవి ఇంకొన్ని. కోస్టర్ స్టెప్ అంటే కాలు వెనక్కి, రెండోది దాని పక్కకి, మొదటిది ముందుకి. వెనక్కి పోతున్న ఒంటికి బ్రేక్ వేసి మళ్లీ ముందుకి తోయడానికి పనికొస్తుంది. జాజ్ బాక్స్‌లో ఒక కాలు రెండోదాని ముందు నుంచి అడ్డంగా దాటించి, వెనక్కి, పక్కకి, దగ్గరికి అంటూ నాలుగు కౌంట్లలో నేల మీద చిన్న డబ్బా గీస్తారు. పివట్ టర్న్ అంటే కుడికాలు ముందుకి వేసి, పాదాలు అక్కడే ఉంచి ఎడమకి సగం చుట్టు తిరగడం. తిరిగేసరికి బరువు ఎడమకాలి మీద ఉంటుంది. ఈ ఐదారు స్టెప్పులూ పట్టుబడితే బిగినర్ స్థాయి డాన్సుల్లో చాలావాటిని మక్కీకి మక్కీ కాకపోయినా తడుముకోకుండా చేసేయొచ్చు.

ఒక డాన్స్ మొదటినుంచి చివరిదాకా

ఎలక్ట్రిక్ స్లైడ్ దీనికి సరైన ఉదాహరణ. జమైకా గాయని మార్సియా గ్రిఫిత్స్ పాడిన ఎలక్ట్రిక్ బూగీ పాటతో అది ఊరూరా తెలిసింది. జనం మామూలుగా చేసేది 18 కౌంట్ల రూపం, నాలుగు గోడలు. కుడికి గ్రేప్‌వైన్ చేసి టచ్, నాలుగు కౌంట్లు. ఎడమకి అలాగే, ఎనిమిదయ్యాయి. కుడికాలితో మొదలుపెట్టి వెనక్కి మూడడుగులు నడిచి ఎడమకాలితో టచ్, పన్నెండు. ఎడమకాలు ముందుకి వేసి ఒంటిని కాస్త ముందుకి వంచి కుడికాలితో టచ్, పద్నాలుగు. కుడికాలు వెనక్కి వేసి ఎడమతో టచ్, పదహారు. చివరగా ఎడమకాలు ముందుకి వేస్తూ ఎడమవైపుకి పావు వంతు తిరిగి, కుడికాలితో నేలని చిన్నగా రాయడం, పద్దెనిమిది. కుడికాలు ఖాళీగా ఉంది కదా, ఆ కొత్త గోడ వైపు చూస్తూ మళ్లీ కుడికి గ్రేప్‌వైన్.

ఇక్కడ గమనించాల్సిన తమాషా ఒకటుంది. పాట ఎనిమిదుల్లో నడుస్తుంది, డాన్స్ 18. అంటే రెండోసారి మొదలయ్యేటప్పుడు పాటలో మూడో దెబ్బ దగ్గర ఉంటాం, మూడోసారి ఐదో దెబ్బ దగ్గర, నాలుగోసారి ఏడో దెబ్బ దగ్గర. ఏదో జారిపోతున్నట్టు ఒక అనుమానం వస్తుంది, నాకైతే చాలా రోజులు అది నా తప్పే అనిపించింది. కానీ 18ని నాలుగుసార్లు చేస్తే 72, ఎనిమిది తొమ్ముల 72. నాలుగు గోడలూ తిరిగి మళ్లీ ముందు గోడకి వచ్చేసరికి డాన్స్, పాట రెండూ సరిగ్గా ఒకటి దగ్గర కలుసుకుంటాయి. దీన్ని ఎవరైనా కావాలని లెక్కేసి పెట్టారో, కాళ్లే వెతుక్కున్నాయో గానీ, ముందు గోడకి వచ్చినప్పుడల్లా హమ్మయ్య అనిపించడం వెనక ఉన్న లెక్క ఇది.

అందరూ మధ్యలో ఆపేసి మళ్లీ మొదలుపెట్టారేంటి?

కొంచెం అలవాటయ్యాక తగిలే దెబ్బ ఇది. స్టెప్పులన్నీ వచ్చు, కౌంట్ తప్పలేదు, అయినా మూడో గోడ దగ్గర సగంలో ఉండగా అందరూ మొదటి స్టెప్పుకి వెళ్లిపోతారు. దీన్ని రీస్టార్ట్ అంటారు. డాన్స్ 32 కౌంట్లు అనుకుందాం. పాటలో ఒక చరణం మాత్రం 16 కౌంట్లకే అయిపోయి పల్లవి వచ్చేసింది. అప్పుడు డాన్స్ కూర్చినవాళ్లు ఏంచేస్తారంటే, ఆ ఒక్కసారి 16 దగ్గర ఆపి కొత్తగా మొదలుపెట్టమంటారు. దీనికి ఉల్టా ట్యాగ్. పాటలో నాలుగు దెబ్బలు అదనంగా ఉంటే, ఆ ఖాళీ నింపడానికి నాలుగు కౌంట్ల చిన్న ముక్క అతికిస్తారు. రెండూ డాన్స్‌ని కష్టపెట్టడానికి పెట్టినవి కావు, పాటకి కుట్టిన కుట్లు. కాబట్టి వీటిని సంఖ్యల కింద బట్టీ పట్టే కన్నా పాట నాలుగైదుసార్లు వినడం మేలు. పల్లవి వస్తోందని చెవికి తెలిస్తే కాలే ఆగుతుంది.

ఇదే కారణంగా, రీస్టార్టులున్న డాన్స్‌ని వేరే పాటకి చేయబోతే తేడా కొడుతుంది. అవి లేని డాన్సులు మాత్రం లయ, వేగం కుదిరిన ఏ పాటకైనా ఒదుగుతాయి. ఒకే పాటకి పది డాన్సులుండటం, ఒకే డాన్స్‌ని పది పాటలకి చేయడం కొత్తవాళ్లని గందరగోళపెట్టే ఇంకో సంగతి. ఎవరైనా డాన్స్ కూర్చి కాగితం పెట్టొచ్చు, ఏ ఊరి హాలు దేన్ని పట్టుకుంటే అక్కడ అదే స్థిరపడుతుంది. ఒక ఊళ్లో నేర్చుకున్నది ఇంకో ఊళ్లో అదే పాటకి పనికిరాకపోవచ్చు. అందుకని పాట పేరు కాకుండా డాన్స్ పేరు అడగాలి. ఒకే పేరుతో రెండు డాన్సులుంటాయి కాబట్టి, కూర్చినవాళ్ల పేరు కూడా అడిగితే ఇంకా మంచిది.

ఆ కాగితాన్నే స్టెప్ షీట్ అంటారు. పైన కౌంట్ ఎంత, గోడలెన్ని, స్థాయి ఏమిటి, ఏ పాట, పాట మొదలయ్యాక ఎన్ని కౌంట్లు ఆగి మొదలుపెట్టాలి అన్నవి ఉంటాయి. కింద ఎనిమిదేసి కౌంట్ల చొప్పున స్టెప్పులు. స్థాయిల్లో అబ్సల్యూట్ బిగినర్, బిగినర్, ఇంప్రూవర్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని ఉంటాయి గానీ, అవి రాసినవాళ్ల అంచనాలే. ఒకరి బిగినర్ ఇంకొకరికి చుక్కలు చూపిస్తుంది. నేనైతే ముందు ట్యాగులు, రీస్టార్టులు ఉన్నాయా అని చూస్తాను, స్థాయి తర్వాత.

నేల, చెప్పులు, మర్యాద

రబ్బరు అడుగున్న జాగింగ్ షూ నేలని పట్టేస్తుంది. పాదం ఆగిపోయి ఒళ్లు తిరుగుతుంది, మెలిక మోకాలికి తగులుతుంది. కౌబాయ్ బూట్లకి తోలు అడుగుండటం వల్ల జారుతూ తిరగడం సులువు. బూట్లు కొనక్కర్లేదు, అడుగు నున్నగా, మడమ దగ్గర కాలిని పట్టి ఉంచే షూ ఏదైనా చాలు. ఇంట్లో తివాచీ మీద పివట్ చేయకండి. టైల్స్ మీద సాక్సులతో చేయడం అంతకన్నా ప్రమాదం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పివట్ బదులు రెండు చిన్న అడుగులు నడుస్తూ తిరిగితే ఎవరికీ తేడా తెలియదు. అడుగులు ఎప్పుడూ చిన్నవే వేయాలి. పెద్ద అడుగేస్తే బరువు తిరిగి తెచ్చుకోవడానికి టైమ్ సరిపోదు, పక్కవాళ్ల కాలు తొక్కడం అదనం. చేతులేం చేయాలో తెలియకపోతే బొటనవేళ్లు బెల్టులోనో జేబులోనో పెట్టుకోండి. కంట్రీ పద్ధతిలో అదే స్టైలు.

డాన్స్ హాల్లో ఫ్లోర్ అంచు వెంబడి జంటలు గడియారానికి వ్యతిరేక దిక్కులో తిరుగుతుంటాయి. లైన్ డాన్స్ వాళ్లది మధ్య భాగం. గ్లాసు పట్టుకుని ఫ్లోర్ దాటకూడదు, మధ్యలో నిలబడి స్నేహితుడికి స్టెప్పు నేర్పకూడదు, తగిలితే ఒక సారీ చెప్పాలి. ఒక్కోసారి ఒకే పాటకి ముందు భాగంలో కష్టమైన డాన్స్, వెనక భాగంలో సులువైనది నడుస్తాయి. నడుమ నిలబడమన్న నా సలహా అలాంటప్పుడు పనిచేయదు, సులువైన గుంపుకి నడుమ నిలబడాలి.

వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకి ఒక ముక్క. టీచరు కెమెరా వైపు తిరిగి చూపిస్తే ఆమె కుడి మనకి ఎడమ అవుతుంది. కొందరు మనకోసం అద్దంలోలా తిప్పి చేస్తారు, కొందరు చేయరు, ఏది ఏదో తెలిసేసరికి పాట అయిపోతుంది. వెనక నుంచి తీసిన వీడియోలు వెతుక్కోండి. తెలుగు పాటలకి ప్రాక్టీస్ చేయాలనుంటే నాలుగు దెబ్బలు సమంగా నడిచే పాట ఎంచుకోండి. మన మాస్ పాటలు చాలావరకు తకిట తకిట అని మూడు ముక్కలుగా నడుస్తాయి. వాటికి గ్రేప్‌వైన్ లాంటి నిండు అడుగులు బాగానే కుదురుతాయి గానీ, షఫుల్‌లోని ఆ అండ్ ఎక్కడ పడాలో మొదట్లో చెవికి అందదు.

ఆరోగ్యం సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నా. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, గంటసేపు క్లాసు అందులో సులువుగా లెక్కకొస్తుంది. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, 75 ఏళ్లు దాటినవారిలో డాన్స్ చేసేవాళ్లకి మతిమరుపు జబ్బు ముప్పు తక్కువగా కనిపించింది. దాన్ని పట్టుకుని లైన్ డాన్స్ చేస్తే మతిమరుపు రాదని వాట్సాప్‌లో తిప్పేయడం మాత్రం తప్పు. అందులో చూసింది లైన్ డాన్స్‌ని ప్రత్యేకంగా కాదు, పైగా తగ్గడానికి కారణం డాన్సే అని అది తేల్చనూ లేదు.

ఇక మొదటి రాత్రి కౌంట్ తప్పిపోవడం ఖాయం. తప్పినప్పుడు ఆగిపోకండి, ఫ్లోర్ వదిలి పరిగెత్తకండి. ఉన్నచోటే కుడి, ఎడమ అని చిన్నగా అడుగులేస్తూ గుంపు ఎటు తిరుగుతోందో చూడండి. వాళ్లు కొత్త గోడ వైపు తిరిగి మొదటి స్టెప్పు వేసేదాకా ఓపిక పడితే చాలు, అక్కడ మీ కుడికాలు ఖాళీగా ఉండేలా చూసుకుని కలిసిపోవచ్చు. పాట ఆగేసరికి ఏ గోడ వైపు చూస్తున్నా ఫర్వాలేదు. పాతకాపులు మాత్రం చివరి రెండు కౌంట్లలో స్టెప్పుని కాస్త తిప్పి, ఎక్కడున్నా సరే ముందు గోడకి చూస్తూ ముగిస్తారు. ఎలా తిప్పారని అడిగితే అక్కడే నిలబడి చూపిస్తారు.